మామిడి కాయ తొలుచు పురుగు

మామిడి కాయ తొలుచు పురుగు దక్షిణ, ఆగ్నేయాసియా తోటల్లో కాపును దెబ్బతీసే ఒక చిన్న రెక్కల పురుగు. నష్టం చేసేది దాని గొంగళి దశ. కాయకు రంధ్రం చేసి లోపలికి దూరి మొదట కండను, ఆ తర్వాత టెంకలోని జీడిని తింటుంది. పెరిగిన గొంగళి ఒంటినిండా ఎరుపు, తెలుపు పట్టీలు వరుసగా ఉంటాయి. అందుకే విదేశీ పుస్తకాల్లో దీన్ని ఎర్రపట్టీల మామిడి గొంగళి అంటారు. శాస్త్రీయ నామం డియానోలిస్ సబ్లింబాలిస్, కుటుంబం క్రాంబిడే. వరి రైతును ఏడిపించే పసుపు కాండం తొలుచు పురుగు, వంగ తోటలో కొమ్మనూ కాయనూ తొలిచే పురుగు కూడా ఈ కుటుంబానివే.

మామిడికి చీడపీడలు చాలానే ఉన్నా, కాయ లోపలే ఉండి కాయనంతా పాడుచేసేవి కొన్నే. వాటిలో ఇది కోస్తాంధ్ర రైతుకు బాగా పరిచయమైన పురుగు. పాత తూర్పు గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల తోటల్లో 1990ల నుంచి దీని బెడద పెద్దదైంది.

పేర్లు, వర్గీకరణ

ఈ పురుగును 1899లో డచ్ కీటక శాస్త్రవేత్త స్నెలెన్ డియానోలిస్ సబ్లింబాలిస్ పేరుతో మొదట వర్ణించాడు. నాలుగేళ్లకు, 1903లో, బ్రిటిష్ శాస్త్రవేత్త జార్జ్ హాంప్సన్ నూర్డా ఆల్బిజోనాలిస్ అనే పేరు పెట్టాడు. లండన్ మ్యూజియంలో చేరకముందు హాంప్సన్ నీలగిరి కొండల్లో తేయాకు తోటలు నడిపినవాడు. భారతదేశపు రెక్కల పురుగుల మీద తొలి సమగ్ర గ్రంథాలు ఆయనవే. తర్వాతి కాలంలో ఈ రెండు పేర్లూ ఒకే జీవివని తేలింది. ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్ రచనల్లో డియానోలిస్ అనీ, మన దేశపు ఇటీవలి వ్యాసాల్లో తరచు ఆటోకారిస్ అనీ, పాతవాటిలో నూర్డా అనీ కనిపించినా అన్నీ ఈ పురుగు గురించే.

రూపం

తల్లి పురుగు చిన్నది, గోధుమ, బూడిద రంగులు కలిసినది. పగలు ఆకుల మాటున కదలకుండా ఉండి రాత్రిపూట తిరుగుతుంది. తోటలో రోజూ తిరిగే రైతుకు సైతం ఇది కంటపడటం అరుదు. గొంగళిని గుర్తుపట్టడం మాత్రం తేలిక. గుడ్డులోంచి వచ్చినప్పుడు పాలిపోయి ఉన్నా, పెరిగే కొద్దీ ఒంటిమీది ఎర్ర పట్టీలు చిక్కబడతాయి. తల, దాని వెనకాలి మెడ భాగం నల్లగా ఉంటాయి. పూర్తిగా ఎదిగేసరికి పొడవు రెండు సెంటీమీటర్లకు చేరుతుంది. కాయ కోసినప్పుడు ఎరుపు, తెలుపు పట్టీల పురుగు చురుగ్గా పాకుతూ బయటికొస్తే అనుమానం అక్కర్లేదు.

జీవిత చక్రం

తల్లి పురుగు తొడిమ దగ్గర, ఎండిన రక్షక పత్రాల చాటున, కాయమీది సందుల్లో గుడ్లు పెడుతుంది. అవి మొదట తెల్లగా ఉండి క్రమంగా ఎర్రబారతాయి. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్ల పురుగు కాయ మీద పాకుతూ వెళ్లి, ఎక్కువగా కాయ కొన దగ్గర రంధ్రం చేసుకుని లోపలికి చేరుతుంది. చిన్న దశల్లో దాని తిండి కండ. పెద్ద దశల్లో టెంకను తొలిచి జీడి మీద పడుతుంది. టెంక ఇంకా గట్టిపడని కాయలో ఈ పని సులువు.

గొంగళి దశ 14 నుంచి 20 రోజులు, ఆ వ్యవధిలో ఐదు దశలు దాటుతుంది. ఒక కాయలో తరచు ఒక్కటే ఉంటుంది గానీ, ఒకే కాయలో పది దాకా కనిపించిన సందర్భాలూ నమోదయ్యాయి. లోపల తిండి చాలకపోయినా, కాయ కుళ్లడం మొదలైనా గొంగళి బయటికొచ్చి పట్టుదారం వదులుతూ కిందికి జారి పక్క కాయను పట్టుకుంటుంది. గుత్తులుగా కాసే చెట్లలో ఒక కాయను తాకుతూ మరో కాయ ఉంటుంది కాబట్టి దారం కూడా అక్కర్లేదు. ఒక్క గొంగళి రెండు మూడు కాయలను పాడుచేయడానికి కారణం ఇదే.

ఎదిగిన గొంగళి కాయను వదిలి బెరడు పగుళ్లలోకి, ఎండుకొమ్మల్లోకి చేరుతుంది. అక్కడ పట్టుగూడు అల్లుకుని ప్యూపాగా మారుతుంది. ఆ దశ 9 నుంచి 14 రోజులు. గుడ్డు నుంచి తల్లి పురుగు దాకా మొత్తం 28 నుంచి 41 రోజులు పడుతుందని ఫిలిప్పీన్స్ పరిశీలనలు చెబుతున్నాయి. మామిడి పూత నుంచి కోత దాకా మూడు నాలుగు నెలలు ఉంటుంది కాబట్టి ఒక్క కాపులోనే రెండు మూడు తరాలు తయారవుతాయి. పిందె దశలో వచ్చిన తొలి తరం చిన్నదే అయినా, కాయ ముదిరే వేళకు సంఖ్య పెరిగిపోవడం ఇందువల్లే.

మరి కాయ లేని నెలల్లో ఏం తింటుంది? ఏమీ తినదు. సీజను చివర్లో బెరడు సందుల్లోకి చేరిన గొంగళ్లు గూడులోనే, ప్యూపాగా మారకుండా, నిద్రావస్థలో ఉండిపోతాయి. మళ్లీ పూత వచ్చి పిందె కట్టే వేళకు తల్లి పురుగులై బయటికొస్తాయి. అంటే ఏడాదిలో సగానికి పైగా ఈ పురుగు చెట్టు మీదే, కాయకు దూరంగా, మొద్దు బెరడు కింద గడుపుతుంది. దాని అదుపుకు సంబంధించిన చిక్కుల్లో ఒకటి ఈ సంగతితో ముడిపడినదే.

నష్టం, గుర్తింపు

దాడి గోళీకాయంత పిందెల నుంచి మొదలై కోత దాకా సాగుతుంది. కాయ కొన దగ్గర సూదిబెజ్జం లాంటి రంధ్రం, దాన్నుంచి కారిన సొన, సొన ఎండి నల్లబడిన చార, రంధ్రం చుట్టూ పురుగు పెంట దీని తొలి ఆనవాళ్లు. ఆ రంధ్రంలోంచి బూజు, కుళ్లు లోపలికి చేరతాయి. కాయ పగులుతుంది, లేదా అక్కడే కుళ్లి రాలిపోతుంది. పిందెలు రాలడం మామిడిలో సహజమే కాబట్టి మొదటి వారాల్లో రైతు దీన్ని పట్టించుకోకపోవచ్చు. రాలిన పిందెను కోసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇతర పురుగులతో పొరబడే వీలుంది. టెంకపురుగు అని పిలిచే ముక్కు పురుగు కూడా జీడినే తింటుంది. కానీ అది పెంకు పురుగు జాతి. దాని పిల్ల తెల్లగా, కాళ్లు లేకుండా, వంపు తిరిగి ఉంటుంది. అది లేత కాయలో చేరిన గాయం మానిపోవడంతో పైకి రంధ్రం కనబడదు. పండు ఈగ పిల్లలైతే ముదిరిన, పండబోయే కాయ కండలో తెల్లటి పురుగులుగా కనిపిస్తాయి, జీడి జోలికి పోవు. అండమాన్ దీవుల్లో పేరుపడి 2010ల్లో దక్షిణ భారతంలోనూ కనిపించిన సిట్రిపెస్టిస్ యూట్రాఫెరా మరో కాయ తొలుచు పురుగు. అదీ రెక్కల పురుగే, లక్షణాలూ దగ్గరగా ఉంటాయి. అందుకే ఏ పురుగో నిర్ధారించాలంటే గొంగళిని దాచి నిపుణులకు చూపించాల్సిందే.

ఫిలిప్పీన్స్‌లో నష్టం మామూలుగా 10 నుంచి 15 శాతమనీ, కొన్ని తోటల్లో 40 నుంచి 50 శాతం దాకా వెళ్లిందనీ నమోదైంది. రంధ్రం పడిన కాయ చిన్నదైనా పెద్దదైనా అమ్మకానికి పనికిరాదు. పచ్చడికి కొనేవాళ్లు టెంకతో సహా ముక్క కొట్టించుకుంటారు కాబట్టి లోపల జీడి నల్లబడిన కాయను వాళ్లూ తీసుకోరు.

వ్యాప్తి

తూర్పు భారతం, మయన్మార్, థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, పాపువా న్యూగినీ దీని ప్రధాన ప్రాంతాలు. తినేది మామిడి, దాని దగ్గరి బంధువులను మాత్రమే. మాంజిఫెరా ఒడొరాటా, మాంజిఫెరా మైనర్ అనే అడవి మామిళ్ల మీద, బోయెయా అనే చిన్న పండ్ల చెట్టు మీద కూడా కనిపించింది. ఒడిశాలో దీని దాడిని 1950లలోనే నమోదు చేశారు.

ఆంధ్ర తీరంలో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. గాలిలో తేమ ఉంది. నూజివీడు చుట్టుపక్కల మైళ్లకొద్దీ తోటలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పాత తోటల్లో పది మీటర్ల ఎడంలో, ఎకరాకు 40 చొప్పున నాటిన చెట్లు ఇప్పుడు మహావృక్షాలై, పగుళ్లు బారిన మొద్దు బెరడుతో ఉన్నాయి. బంగినపల్లి, తోతాపురి, రసాలు, ఉత్తరాంధ్ర వైపు సువర్ణరేఖ, గోదావరి వైపు కొత్తపల్లి కొబ్బరి ఇలా వేర్వేరు వేళల్లో కాసే రకాలు పక్కపక్కనే ఉంటాయి. ముందు కాసిన చెట్టు మీద తయారైన తరానికి వెనక కాసే చెట్టు సిద్ధంగా ఉంటుంది.

ఫిలిప్పీన్స్ కథ వేరు. అక్కడ 1970లలో రామోన్ బార్బా అనే ఉద్యాన శాస్త్రవేత్త పొటాషియం నైట్రేట్ ద్రావణం చల్లితే మామిడి కోరిన వేళకు పూస్తుందని నిరూపించాడు. దాంతో కారబావో మామిడి కాపు ఏడాది పొడవునా దాదాపు ఎప్పుడైనా సాధ్యమైంది, ఎగుమతులు పెరిగాయి. కాయకు కరువు లేని చోట కాయ తొలిచే పురుగుకూ కరువు ఉండదు. కానీ ఈ పద్ధతి పురుగు అదుపుకూ ఒక సాయం చేసింది. పూత ఏ రోజు మొదలైందో రైతుకు కచ్చితంగా తెలుసు కాబట్టి, పూత మందు చల్లిన నాటి నుంచి రోజులు లెక్కపెట్టి, 60వ రోజు నుంచి 105వ రోజు వరకు 15 రోజులకొకసారి చొప్పున నాలుగు పిచికారీలు సిఫార్సు చేయగలిగారు. ఆంధ్ర తోటల్లో పూత విడతలు విడతలుగా వస్తుంది. ఒకే కొమ్మ మీద గోళీకాయంత పిందె, నిమ్మకాయంత కాయ కలిసి ఉంటాయి. ఇక్కడ అలాంటి క్యాలెండరు కుదరదు.

ఆస్ట్రేలియా గుమ్మం

ఈ పురుగు గురించి అందరికన్నా ఎక్కువ కంగారుపడింది, అది సరిగా ప్రవేశించని దేశం. పాపువా న్యూగినీకి, ఆస్ట్రేలియా ఉత్తర కొసకు మధ్య టోరెస్ జలసంధి ఉంది. అందులోని సైబాయ్ దీవి నుంచి న్యూగినీ తీరం నాలుగు కిలోమీటర్లే. 1978లో రెండు దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతపు స్థానికులు సంప్రదాయ అవసరాల కోసం పాస్‌పోర్టు లేకుండా పడవల్లో రాకపోకలు సాగించవచ్చు. మనుషులకు అడ్డంకి లేని చోట పండ్లు దాటకుండా చూడటం కష్టం. 1990లో జలసంధి దీవుల్లో ఈ పురుగు బయటపడింది. 2001లో ప్రధాన భూభాగంలో, కేప్ యార్క్ ద్వీపకల్పం కొసన కనిపించింది.

క్వీన్స్‌లాండ్‌లో వాణిజ్య మామిడి తోటలు అక్కడికి చాలా దూరంలో, దక్షిణాన ఉన్నాయి. ఆ తోటల్లో పేరున్న కెన్సింగ్టన్ ప్రైడ్ రకం పంతొమ్మిదో శతాబ్దంలో భారత్‌కు గుర్రాలు ఎగుమతి చేసే ఓడల వ్యాపారుల ద్వారా బోవెన్ రేవుకు చేరిందని చెబుతారు. అంటే చెట్టు మన వైపు నుంచి వెళ్లింది, పురుగు వందేళ్ల తర్వాత న్యూగినీ వైపు నుంచి వచ్చింది. ద్వీపకల్పం నుంచి మామిడి కాయలను, మొక్కలను దక్షిణానికి తరలించకుండా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. 1989లో మొదలైన ఉత్తర ఆస్ట్రేలియా క్వారంటైన్ స్ట్రాటజీ సిబ్బంది ఊళ్లలోని పెరటి చెట్లను వరుసగా తనిఖీ చేస్తూ వచ్చారు. పురుగు గొప్పగా ఎగరలేదు. దూరప్రయాణం చేయించేది పురుగున్న కాయను సంచిలో వేసుకెళ్లే మనిషే. ఆంక్షల వెనకున్న లెక్క అదే.

అదుపు

కాయలోకి దూరిన గొంగళిని మందు తాకదు. గుడ్డు పొదిగిన దగ్గర్నుంచి కాయలోకి దూరేలోపు ఉన్న కొద్ది గంటలే పిచికారీకి అవకాశం. ఆంధ్ర రైతు మామిడికి మందు కొట్టే ప్రధాన వేళ పూత దశ. అప్పుడు ఎదుర్కొనేది తేనెమంచు పురుగును, బూడిద తెగులును. కాయ తొలుచు పురుగు తల్లులు పిందె కట్టాక వస్తాయి. అప్పటికి పూతమందు ప్రభావం పోయి ఉంటుంది. పైగా ముప్పై అడుగుల చెట్టు పైకొమ్మల గుత్తుల దాకా మందు సమంగా చేరడం అరుదు. పాతరోజుల్లో విరివిగా వాడిన డైక్లోరోవాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 నాటి ఉత్తర్వు ద్వారా 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించింది. వేప మందులను తల్లి పురుగు గుడ్లు పెట్టే వేళకు వాడితే కొంత ఫలితం ఉంటుంది.

నమ్మకమైన పద్ధతి కవరు తొడగడం. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే, గుడ్లు పడకముందే, కాగితపు సంచి కట్టేస్తే పురుగు దగ్గరికి రాలేదు. ఆలస్యమైతే సంచి లోపల గుడ్డునే భద్రంగా దాచినట్టవుతుంది. ఫిలిప్పీన్స్‌లో పాత న్యూస్‌పేపర్లతో ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు. కృష్ణా జిల్లా నుంచి చిత్తూరు దాకా బంగినపల్లి రైతులు ఇటీవలి ఏళ్లలో రెండు పొరల కాగితపు కవర్లు వాడుతున్నారు. పండు ఈగ నుంచి, మచ్చల నుంచి కూడా కాయ తప్పించుకుని, మంచి రంగుతో మంచి ధర పలుకుతుంది. చిక్కల్లా కూలీ ఖర్చు, చెట్టు ఎత్తు. కొమ్మ కత్తిరింపులతో ఎత్తు తగ్గించిన తోటల్లో, దగ్గరగా నాటే కొత్త పద్ధతి తోటల్లో ఇది తేలికవుతుంది.

తోట నేలను, బెరడును శుభ్రం చేయడం అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా తక్కువగా జరిగే పని కూడా. రాలిన పిందెలను రెండు మూడు రోజులకోసారి ఏరి లోతుగా పూడ్చాలి. లేకపోతే లోపలి గొంగళ్లు బయటికొచ్చి చెట్టెక్కుతాయి. కోత అయ్యాక ఎండుకొమ్మలు తీసేసి, మొద్దు మీది వదులు బెరడును గీకి, నిద్రలో ఉన్న గొంగళ్లను తొలగించాలి. కాండానికి గోనెసంచి పట్టీలు చుట్టి, గూడు కోసం వచ్చే గొంగళ్లను అందులో పట్టడం మరో మార్గం.

ఇక్కడే ఆంధ్ర తోటల ఆర్థికం అడ్డొస్తుంది. చాలామంది రైతులు పూతకో, పిందెకో కాపును వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తారు. కోత ముగియగానే వ్యాపారి వెళ్లిపోతాడు. జూన్ తర్వాత బెరడు గీకిన ఖర్చు ఆయనకు తిరిగి రాదు, వచ్చే ఏడు అదే తోట ఆయన చేతికి వస్తుందన్న నమ్మకమూ లేదు. రైతు చూస్తే అప్పటికే ఖరీఫ్ పనుల్లో ఉంటాడు. ఒక తోట శుభ్రం చేసి పక్క తోట వదిలేస్తే ఫలితం సగమే కాబట్టి ఊరంతా కలిసి చేయాల్సిన పని ఇది.

సహజ శత్రువులు లేకపోలేదు. గుడ్లలో గుడ్డు పెట్టే ట్రైకోగ్రామా అనే సూక్ష్మ కందిరీగలు, గొంగళ్లను ఎత్తుకుపోయే పెద్ద కందిరీగలు ఫిలిప్పీన్స్‌లో నమోదయ్యాయి. ఆడ పురుగు మగదాన్ని పిలవడానికి విడుదల చేసే వాసన రసాయనాలను 2007లో గుర్తించారు. వాటిలో ఒకటి జెడ్-11-హెక్సాడెసెనాల్. వరి కాండం తొలుచు పురుగు, శనగపచ్చ పురుగు వాసనల్లోనూ ఉన్న రసాయనమే ఇది. రెండోది ట్రైకోసాట్రైయీన్ అనే హైడ్రోకార్బన్. ఈ రెండూ కలిస్తేనే మామిడి పురుగు మగవి గట్టిగా ఆకర్షితమవుతాయి. లింగాకర్షక బుట్టలు పురుగును నిర్మూలించకపోయినా, తల్లి పురుగులు ఏ వారంలో బయటికొస్తున్నాయో చెబుతాయి. పిచికారీ రోజును ఊహించకుండా లెక్కగట్టడానికి అది చాలు.

ఎగుమతిలో

మామిడి కొనే దేశాలు కాయ లోపల దాగే పురుగులకు భయపడతాయి. 2008లో ఆస్ట్రేలియా భారత మామిడి దిగుమతిపై జరిపిన ప్రమాద విశ్లేషణలో టెంకపురుగు, పండు ఈగలతో పాటు ఈ గొంగళి పేరూ ఉంది. అమెరికా చాలా ఏళ్ల నిరాకరణ తర్వాత 2007లో మన మామిడికి తలుపు తెరిచింది. ముఖ్యమైన షరతు: పండ్లకు కనీసం 400 గ్రే మోతాదులో గామా కిరణాల శుద్ధి. తొలి సరుకులు మహారాష్ట్రలోని లాసల్‌గావ్ కేంద్రంలో శుద్ధి అయి వెళ్లాయి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో తెలుగువాళ్లు వేసవిలో కొనుక్కునే బంగినపల్లి పెట్టె ఈ శుద్ధి జరిగాకే అక్కడికి చేరుతుంది.

ఆ నిబంధనలో ఒక మినహాయింపు ఉంది. 400 గ్రే మోతాదు అన్ని కీటకాలకూ చాలుతుందని అమెరికా వ్యవసాయ శాఖ ఒప్పుకుంటుంది గానీ, రెక్కల పురుగుల, సీతాకోకచిలుకల ప్యూపా, తల్లి దశలను ఆ జాబితాలోంచి తీసేసింది. ఈ పురుగు విషయంలో ఆ మినహాయింపు పెద్దగా అడ్డు కాలేదు. పెట్టెలోని పండులో ఉండగలిగేది సాధారణంగా గొంగళే. దాన్ని కిరణాలు అడ్డుకుంటాయి, రంధ్రం పడిన కాయను అంతకుముందే ప్యాక్‌హౌస్‌లో ఏరిపారేస్తారు. ప్యూపా మాత్రం పండుతో ప్రయాణం చేయదు, అది తోటలోని బెరడులోనే ఉండిపోతుంది.